ఇంటిలోని చివరి తీగ

శ్రీకాకుళము జిల్లాలో వంశధారానదీతీరమున నున్న శ్రీముఖలింగ గ్రామమందు ఒక సంగీతప్రియుడు రాత్రి భోజనానంతరము తన యింటి సావిడిలో కూర్చుండి ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు వినదలచెననుకొందము. ఆయన వ్రేలు ఫోనును తాకిన క్షణమున, ఎచ్చటనో దూరదేశపు భాండాగారములో అంకెల రూపమున నిలిచియున్న ఆ నాదము బయలుదేరి, సముద్రగర్భమున పఱచిన గాజుపోగుల వెంట కాంతియై పరుగిడి, ముంబయిలోనో చెన్నైలోనో తీరమెక్కి, నగరములు దాటి, తుదకు పొలము గట్లవెంబడి కరెంటు స్తంభములపై వ్రేలాడు ఫైబరు మీదుగా వచ్చి, గోడకు బిగించిన తెల్లని మోడెము పెట్టెలో ప్రవేశించును. వేలాది మైళ్ళ యీ ప్రయాణములో ఇక మిగిలిన దూరము, ఆ పెట్టెనుండి పాటను పలికించు స్ట్రీమరు యంత్రము వఱకు, నాలుగు గజములు. ఆ నాలుగు గజముల తీగ ఎట్టిదై యుండవలెను, దానికై ఎంత సొమ్ము వెచ్చింపవచ్చును అనునదే ఈ అధ్యాయమునకు విషయము.

ఇది పల్లెటూరికి తగని ప్రశ్నయని కొందఱకు తోచవచ్చును. కాని 2017వ సంవత్సరము డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ నెట్ పథకము, భూమిని త్రవ్వి తంతులను పూడ్చుటకు మాఱుగా అంతకుముందే ఊరూర నిలిచియున్న విద్యుత్ స్తంభములనే ఆధారముగా గొని, నెలకు 149 రూపాయల కనిష్ఠ రుసుముతో ఇంటింటికి కాంతితంతువును తెచ్చుటకు పూనుకొనినది మొదలు, నరసన్నపేటలోగాని శ్రీకాకుళములోగాని కంప్యూటరు సామగ్రి యమ్ము అంగడివాని ముందు ఈ ప్రశ్న నిలిచియే యున్నది. వాడు నూటయేబది రూపాయల లాన్ కేబులును, అనగా ఈథర్నెట్ తీగను, చూపును. ఇంటర్నెట్టులో వెదకినచో అదే పొడవుగల తీగకు లక్ష రూపాయలకు చేరు వెలలును కనబడును. వాటికి వెండి తంతులు, పట్టువంటి అల్లిక తొడుగు, నాదము ఏ దిక్కుగా ప్రవహింపవలెనో చూపు బాణపుగుర్తు కూడ నుండును. 2008 ప్రాంతమున జపానుదేశపు డెనన్ సంస్థ తన యంత్రములనే ఒకదానితో నొకటి కలుపుటకు ఉద్దేశించి, ఈథర్నెట్ తీగ యాకృతిలోనే యున్న మీటరున్నర కేబులునకు 499 డాలర్ల వెల పెట్టగా, లోకమున నవ్వినవారెందఱో, కొన్నవారును కొందఱు. నవ్వుట సులభము, నవ్వుటకు గల కారణమును తెలిసికొనుట మాత్రము కొంత శ్రమతో గూడినది.

ధ్వనిని అంకెలుగా మార్చు విధానము పాఠకునికి వెనుకటి అధ్యాయమున పరిచితమే. ఒక సెకను కాలమున 44,100 పర్యాయములు నాదతరంగపు ఎత్తును కొలిచి, ఒక్కొక్క కొలతను 16 ద్విసంఖ్యాంకములతో, అనగా బిట్లతో, వ్రాసి, కుడియెడమ మార్గములు రెంటికిని ఇట్లు చేసినయెడల, సెకనుకు 14,11,200 అంకములు ఏర్పడును. సి.డి. పళ్ళెములో నుండునదియు, స్ట్రీమింగు సంస్థలు నష్టరహితమని చెప్పుకొనుచు పంపునదియు ఇదియే. మిక్కిలి సూక్ష్మముగా, 24 అంకములతో 1,92,000 పర్యాయములు కొలిచినను సెకనుకు 92,16,000 అంకములకు మించదు. సామాన్యమైన గిగాబిట్ ఈథర్నెట్ తీగ సెకనుకు నూరు కోట్ల అంకములను మోయగలదు, అనగా సి.డి. సంగీతమునకు వలసినదానికి 700 రెట్లకు పైబడిన శక్తి దానికి కలదు. కాబట్టి తీగ "వేగము" చాలదన్న వాదము మొదటనే వీగిపోవును. నిలుచునది మఱియొక వాదము: అంకెలు చేరుట నిజమే గాని, మంచి తీగలో అవి మంచి రూపముతో చేరుననియు, చెడ్డ తీగలో నలిగి చేరుననియు, ఆ నలుగుడు చెవికి వినబడుననియు.

ఈ వాదమును పరీక్షించుటకు శ్రీముఖలింగమున కంటె తగిన చోటు లేదు. ఈ క్షేత్రమునకు సమీపముననే పర్వతాలపేటలో 1863వ సంవత్సరము ఆగస్టు 29న జన్మించిన గిడుగు వెంకట రామమూర్తిగారు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, గురుముఖము లేకయే ప్రాచీనలిపులను అభ్యసించి, ఈ గ్రామపు మధుకేశ్వరాలయమందలి శాసనములను చదివినవారు. తూర్పు గాంగరాజుల పురాతన రాజధానియైన కళింగనగరము ఈ ముఖలింగమే యని తేల్చుటలో వారి కృషి ముఖ్యమైనది. వ్యావహారిక భాషకై జీవితమంతయు పోరాడిన యా మహనీయుని ఇట్టి గ్రాంథిక వాక్యములలో స్మరించుట అపచారమేమో గాని, ఉదాహరణము మాత్రము వారి చేతిపనిలోనే దొరకుచున్నది. ఆలయపు రాతిపై నొక అక్షరము తొమ్మిది శతాబ్దముల యెండవానలకు అంచులు అరిగి, పాచి పట్టి యున్నది. దానిపై తడికాగితమును ఒత్తి సిరా అద్ది ముద్ర తీసినచో, అక్షరముతోబాటు పగులును, పెచ్చును, అరుగుదలయు కాగితము మీదికి వచ్చును. ఆ ముద్రను జూచి మఱొక ముద్ర గీసినచో మాలిన్యము ఇనుమడించును. కాని శాసనపాఠకుడు ఆ రాతిని జూచి, ఇది "గ" యని నిర్ణయించి, తన పుస్తకములో శుభ్రముగా "గ" యని వ్రాసికొన్న మఱుక్షణమున రాతి యొక్క అరుగుదల అంతయు రాతిమీదనే నిలిచిపోవును. ఆ పుస్తకమునుండి నూర్గురు ఒకరి తరువాత నొకరు ఎత్తి వ్రాసికొన్నను అక్షరము అక్షరమే.

గ్రామఫోను పళ్ళెము, టేపు, స్పీకరు తీగ, ఇవి ముద్ర తీయు జాతికి చెందినవి. వాటిలో మార్గమధ్యమున చేరిన ప్రతి దోషమును నాదములో కలసియే వచ్చును. ఈథర్నెట్ తీగ పఠించు జాతికి చెందినది. గిగాబిట్ పద్ధతిలో తీగలోని ఒక్కొక్క తంతుల జంటపై విద్యుత్పీడనము అయిదు మెట్లలో ఏదో యొకదానిపై నుండును. ఆవలి కొనయందలి చిప్పు, వచ్చిన తరంగము కొంత వంగినను క్రుంగినను, అది ఏ మెట్టునకు సమీపమో నిర్ణయించి, ఆ మెట్టునే క్రొత్తగా వ్రాసికొనును. నిర్ణయింపగలిగినంతవఱకు తరంగపు వంకరతో దానికి ఇక నిమిత్తము లేదు. వెండి తీగలో సొగసుగా వచ్చిన "గ" కును, రాగితీగలో కొంచె మరిగి వచ్చిన "గ" కును పుస్తకములో భేదముండదు.

అక్షరము పూర్తిగా పగిలిపోయినచో? 1973లో అమెరికాయందలి జిరాక్స్ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్నెట్టును కల్పించిన నాటినుండి క్రమముగా వృద్ధిచెందిన యీ విధానమున ఆ యాపదకును ఏర్పాటు కలదు. సమాచారము ఒక్కొక్కటి 1,500 బైట్లకు మించని మూటలుగా పోవును. పంపువాడు మూటలోని అంకెలన్నిటిని ఒక మహాసంఖ్యగా భావించి, నియతమైన భాజకముతో ఒక విధమైన భాగహారము చేసి, వచ్చిన 32 అంకముల శేషమును మూట చివర కట్టును. అందుకొనువాడు అదే భాగహారమును మరల చేసి శేషములను పోల్చి చూచును. సరిపడకున్న మూటను పారవేయును. పైస్థాయి నియమావళి దానిని తిరిగి పంపించును. చెడిన మూట మంచిదని పొరబడుటకు అవకాశము దాదాపు 429 కోట్లలో ఒకటి. గిగాబిట్ ప్రమాణమును నిర్మించినవారు, నూరు మీటర్ల తీగపై వేయికోట్ల అంకములకు ఒక్కటికంటె ఎక్కువ తప్పు రాగూడదని లక్ష్యము పెట్టుకొనిరి. మూడు నిమిషముల పాటలో నున్నవి 25 కోట్ల 40 లక్షల అంకములు. అనగా ప్రమాణము అనుమతించు కడపటి హద్దుననున్న తీగలో సైతము సుమారు నలుబది పాటలకు ఒక్క అంకము తప్పును. ఆ యొక్కటియు పట్టుబడి, పాట వినబడుటకు ముందే సరిదిద్దబడును.

పాట వినబడుటకు ముందే యన్నమాటను పాఠకుడు గమనింపవలెను. స్ట్రీమరు తీగనుండి వచ్చిన అంకెను వచ్చినట్లే పలికింపదు. సెకన్లకొలది సంగీతమును తన స్మృతిలో ముందుగా నిలువచేసికొని, తనలోని స్ఫటికపు గడియారము చెప్పిన వేళకు ఒక్కొక్క అంకెను తీసి ధ్వనిగా మార్చును. కాబట్టి మార్గమున మూటలు తొందరగా వచ్చినవా, ఆగి ఆగి వచ్చినవా యన్నది ఆ గడియారమునకు పట్టదు. "కాలకంపనమును తగ్గించు తీగ" యని అమ్మువారు ఈ నిలువను గూర్చి మౌనము వహింతురు.

దీనిని ఎవరికివారు ఇంటిలోనే చూడవచ్చును. పాట మొదలై కొంచెము సాగిన పిదప, ప్లగ్గునకున్న చిన్న ప్లాస్టిక్ నాలుకను నొక్కి ఈథర్నెట్ తీగను స్ట్రీమరునుండి ఊడలాగుడు. పాట ఆగదు. నిలువ యున్నంతవఱకు, కొన్ని యంత్రములలో కొన్ని సెకన్లు, కొన్నింట పాట ముగియువఱకును, ఫిడేలు మ్రోగుచునే యుండును. ఆ వేళ తీగ నేలమీద పడియున్నది. అది ఎంత ఖరీదైనదైనను, ఎంత నికృష్టమైనదైనను, వినబడుచున్న నాదముతో దానికి సంబంధము తెగినది. ఊడదీయుటకు ముందును తరువాతను స్వరములో మార్పు తెలియనిచో, వెండి తంతువుకు వెచ్చింపదలచిన ధనమును వేఱొక పనికి మిగుల్చుకొనవచ్చును. 2015లో లాస్ వేగాస్‌లో జేమ్స్ రాండీ సంస్థయు ఆర్స్ టెక్నికా పత్రికయు కలసి, వందలాది డాలర్ల ఈథర్నెట్ తీగను సామాన్యపు తీగతో తెరచాటున మార్చి మార్చి వినిపించినప్పుడు శ్రోతలు భేదమును గుర్తింపలేకపోయిరి. ఆ ఫలితముకంటె ఊడదీసిన ప్లగ్గు నాకు బలీయమైన సాక్ష్యముగా తోచును.

ఇంతమాత్రమున తీగలన్నియు సమానమని తలపరాదు. ఒక ముక్కను కోసి చూతము. పై తొడుగును బ్లేడుతో నిలువునా చీల్చగానే, లోపల నాలుగు జంటలు, నారింజ, ఆకుపచ్చ, నీలము, గోధుమ వన్నెలవి, ఒక్కొక్కటియు తన తెల్లచారల తోడుతో పెనవైచుకొని కనబడును. నిదానముగ చూచినచో నాలుగింటి మెలికలు నాలుగు తీరులుగా నుండును. ఒక జంట బిగువుగా, ఒకటి వదులుగా. అలెగ్జాండరు గ్రాహం బెల్ 1881లో టెలిఫోను తీగలకై పేటెంటు పొందిన ఉపాయమిది. జంటలోని రెండు తంతులు ఎదురెదురు విద్యుత్తును మోయగా, బయటనుండి సోకిన అలజడి రెంటిని సమానముగ సోకును; ఆవలి కొనయందు ఒకదానినుండి మఱొకదానిని తీసివేసినప్పుడు అలజడి రద్దై సందేశము మిగులును. మెలికలు వేర్వేఱుగా నుండుట జంటకు జంట గుసగుస వినబడకుండుటకు. "క్యాట్" అనునది తీగల తరగతికి గుర్తు; క్యాట్ 6 తీగలో నాలుగు జంటలను విడదీయుచు నడుమ ప్లాస్టిక్ శిలువ యొకటి పొడవునా సాగియుండుట సామాన్యము.

క్యాట్ 5ఇ తీగ నూరు మీటర్లవఱకు గిగాబిట్టును మోయును. క్యాట్ 6 అంతకు పదిరెట్ల వేగమును 55 మీటర్లవఱకును, క్యాట్ 6ఏ నూరు మీటర్లవఱకును మోయును. వీధి గుమ్మమునుండి పెరటివఱకు గదివెనుక గదిగా పొడవున సాగు ఉత్తరాంధ్రపు వరుస యిండ్లలో సైతము ముప్పది మీటర్ల తీగ పట్టుట అరుదు. క్యాట్ 8 యనునది సమాచారకేంద్రములలోని బీరువాలకు ముప్పది మీటర్లలోపు దూరమునకై పుట్టినది; దానిని సావిడిలో పఱచుటవలన బిరుసుతనము తప్ప లాభము లేదు. క్యాట్ 7ను అమెరికా ప్రమాణసంస్థ గుర్తింపనే లేదు. దానికి ఉద్దేశించిన ప్లగ్గే వేఱు. మామూలు ప్లగ్గును తగిలించి క్యాట్ 7 అని యమ్ముచున్నది పేరుమాత్రమే.

వెలకంటె, తరగతి యంకెకంటె ముఖ్యముగ విచారింపవలసినది రాగి. మన అంగళ్ళలో చవుకగా దొరకు తీగలలో పెక్కింటి తంతువు రాగి కాదు, రాగిపూత పూసిన అల్యూమినియము. సి.సి.ఏ. అని తొడుగుపై సన్నని యక్షరములతో నచ్చొత్తినవారు నిజాయితీపరులు, అదియు లేకుండ అమ్మువారే ఎక్కువ. బ్లేడుతో తంతువును గీకి చూడుడు: రాగియైనచో లోతునను ఎఱుపే, పూతయైనచో ఒక్క గీటుతో తెల్లని లోహము బయటపడును. చుట్టను చేతనెత్తినను తెలియును, రాగి సాంద్రత అల్యూమినియమునకు మూడురెట్ల పైమాట. అల్యూమినియపు వాహకశక్తి రాగిలో నూటికి అఱువది పాళ్ళు. నాలుగైదుమార్లు వంచినచో పుటుక్కున తెగును. ప్లగ్గు కత్తులు దిగినచోట పూత చిట్లి, సముద్రపు గాలిలోని తేమకు తుప్పువంటి పొర ఏర్పడి, ఏడాదికో రెండేండ్లకో ఒక జంట పలుకుట మానును. అప్పుడును ఫిడేలు బొంగురుపోదు. పెట్టెమీది దీపము రంగు మార్చును, గిగాబిట్టు నూరు మెగాబిట్లకు దిగవచ్చును, అదియు సి.డి. సంగీతమునకు డెబ్బది రెట్లు. ఇంకొక జంటయు పోయినచో పాట ఆగిపోవచ్చును. ఈథర్నెట్టులో దోషమనగా ఇట్టిదే: మౌనమో, త్రుటితమో. తెర తొలగినట్లగుట, మంద్రము చిక్కబడుట, ఇవి తీగ చేయగల పనులు కావు.

తీగ నాదమునకు నిజముగా అపకారము చేయగల సందర్భమొకటి కలదు, అది అంకెలద్వారా కాక లోహముద్వారా వచ్చునది. ప్రతి ఈథర్నెట్ రంధ్రమునకు లోపలి వైపున చిన్న ట్రాన్స్‌ఫార్మరులుండి, 1,500 వోల్టులకు ఓర్చునట్లుగా ఇరువైపుల విద్యుత్తును వేఱుచేయును. కవచములేని యు.టి.పి. తీగలో కాబట్టి ఒక యంత్రపు లోహమునకును మఱొకదాని లోహమునకును తాకిడి యుండదు. ఖరీదైన కవచపు తీగకు లోహపు ప్లగ్గు తొడుగుదురు; అది మోడెము శరీరమును స్ట్రీమరు శరీరమును కలిపివేసి, ఆంప్లిఫయరుగుండ భూమిదాక ఒక వలయమును నిర్మింపవచ్చును. ఆ వలయములో ఏబది చక్రముల కరెంటు తిరుగాడి స్పీకరులో "గుయ్" మని రొద చేయును. మూడు రంధ్రముల సాకెట్టు పెట్టి మూడవదానికి తీగయే కలుపని ఇండ్లు మన గ్రామములలో తక్కువ కాదు. అట్టి యింట వేలరూపాయల కవచపు తీగను కొని తెచ్చినవాడు అంతకుముందు లేని రొదను కొని తెచ్చుకొన్నవాడగును. ఆ సొమ్ముతో పెరటిలో ఎర్తింగు గుంట తీయించి, బొగ్గును ఉప్పును వేయించి, వేసవిలో నీళ్ళు పోయుచుండినచో రొదయు తగ్గవచ్చును, స్నానపుగదిలో గీజరు తాకినవాని ప్రాణమును దక్కును.

ద్వారంవారి రికార్డుల మాట యెత్తితిని గావున మఱొక్కటి. 1919లో వెలసిన విజయనగరము సంగీత కళాశాలలో ఆయన ఆచార్యుడై, పిమ్మట అధ్యక్షుడై యున్న కాలమున, నిమిషమునకు 78 చుట్లు తిరుగు లక్కపళ్ళెముల మీదికెక్కిన సంగీతమున ముల్లు రాపిడి రొదకును మిక్కిలి గట్టి స్వరమునకును నడుమ గల వ్యవధి నలుబది డెసిబెల్లులకు అటునిటు. పదునాఱంకముల డిజిటలు విధానమున అది తొంబదియాఱు. ఆ కాలపు కమానుపట్టును వినగోరువారు మూలములోని చిటపటలను ప్రేమతో సహించుచు, దానిని మోసికొని వచ్చిన తీగ శుద్ధతకై లక్ష వెచ్చించుట నాకు అర్థముకాని వేడుక. నేలనంతయు నున్నని టైల్సు పఱచి, గోడలను బోసిగా వదలిన గదిలో స్వరము గోడకు గోడకు తగిలి చెదరిపోవుచుండగా ఒక తివాచీయు, పుస్తకముల బీరువాయు చేయు మేలు ఏ కేబులును చేయజాలదు.

ఇక కొనుట యెట్లు? అచ్చమైన రాగి తంతువు గల క్యాట్ 6 యు.టి.పి. తీగ, వలసినదానికంటె ఒకటి రెండు గజములు మాత్రము మిక్కిలిగా. గదులలో మెదలుటకు సన్నని పోగులు పేనిన మెత్తని తీగ, కర్మాగారముననే ప్లగ్గులు పోతపోసినది. గోడవెంట బిగించుటకు ఏకతంతువుది. ఇంటివద్ద మేస్త్రీ ప్లగ్గు నొక్కునెడల, జంటల మెలికను అర అంగుళమునకు మించి విప్పనీయక దగ్గఱనుండి చూచుకొనవలెను. ఎలుకలు తిరుగు అటకమీదుగా పోవునప్పుడు ప్లాస్టిక్ గొట్టములో పోనిచ్చుట మేలు. మందపు గోడలవలన వై-ఫై తడబడనిచో తీగయే అక్కఱలేదు. వై-ఫై సైతము తప్పిన మూటను తిరిగి రప్పించునదే గాన నాదమున భేదముండదు.

ఒక యింటినుండి మఱొక యింటికి, లేదా మేడమీదికి ఆరుబయట ఈథర్నెట్ తీగను లాగదలచినవారికి మాత్రము ఒక హెచ్చరిక కలదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస పరిసరములలో తీరము దాటిన తిత్లీ తుపాను జిల్లాలో వేలాది స్తంభములను కూల్చినది. అట్టి గాలులకంటె తఱచుగా వచ్చునవి వేసవి చివరి పిడుగులు. సమీపమున పడిన పిడుగు బయటనున్న రాగి తీగలో పుట్టించు వోల్టేజికి ఆ 1,500 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు నిలువజాలదు; మోడెమును స్ట్రీమరును ఒక్కసారిగా మాడిపోవును. బయటి దూరమునకు ఫైబరునే వాడుడు. స్తంభమునుండి వచ్చు ఫైబరుకు బలముకై చేర్చిన ఉక్కుతీగను గోడ వెలుపలనే కత్తిరించి కొక్కెమునకు కట్టుమని లైన్‌మాన్‌కు చెప్పుడు. ఉఱుము వినబడగానే మోడెము అడాప్టరును, ఆంప్లిఫయరు ప్లగ్గును సాకెట్టునుండి ఊడదీయుడు. గాజుపోగును ఊడదీయ పనిలేదు.